మన 738 పక్కనే వాళ్ల 740: మౌంట్ ఎయిరీ రేడియో నల్గొండలో ఎట్లా వినాలి, ఎప్పుడు వినాలి

పాత డయల్ రేడియోలో ఆకాశవాణి హైదరాబాద్ పలికే చోట ముల్లు ఆపండి. అది 738 కిలోహెర్ట్జ్. ముల్లు కదపకుండా ఆ సెట్టును అమెరికాలో నార్త్ కరొలైనా రాష్ట్రం ఉత్తరపు అంచున ఉన్న మౌంట్ ఎయిరీ అనే ఊరికి తీసుకుపోయి పగటిపూట ఆన్ చేస్తే, అక్కడా ఒక స్టేషన్ పలుకుతుంది. డబ్ల్యూపీఏక్యూ, 740 కిలోహెర్ట్జ్. రెండింటికీ ఉన్న దూరం ముల్లు మందం కూడా ఉండదు. ఇక్కడ వ్యవసాయం ముచ్చట్లు, జానపదాలు. అక్కడ ఫిడిల్, బాంజో (బుర్రకు తోలు బిగించిన తీగల వాద్యం), చర్చి పాటలు, ఊళ్లో ఎవరు పోయారన్న కబురు. ఈ సమీక్ష ఆ 740 గురించి, దాన్ని ఇంటర్నెట్‌లో వినే మనవాళ్ల కోసం.

ముందే చెప్పేస్తే మంచిది. వారంలో ఒక్కసారే వినే తీరిక ఉంటే శనివారం రాత్రి వినండి. మిగతా రోజుల్లో దుకాణంలోనో వంటింట్లోనో పనికి తోడుగా పెట్టుకోవడానికి బాగుంటుంది, ముందర కూర్చొని వినడానికి కాదు. కంట్రీ మ్యూజిక్ అనగానే నాష్‌విల్ నుంచి వచ్చే కొత్త పాటలు, గట్టి డ్రమ్స్, స్టేడియం హోరు గుర్తొచ్చేవాళ్లకు ఇది నచ్చదు. ఆ పాటలకు తాతముత్తాతలైన సంగీతం ఇక్కడ వినిపిస్తుంది.

మౌంట్ ఎయిరీ పది వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు. మన దేవరకొండ కంటే చిన్నది. బ్లూ రిడ్జ్ కొండల కింద ఉంటుంది, పక్కనే వర్జీనియా సరిహద్దు. ఊరు బతికింది రాయి మీద. నేల మీదే పరుచుకుని ఉన్న తెల్ల గ్రానైట్ క్వారీ అక్కడి గుర్తు. బండల నడుమ బతికే నల్గొండ జిల్లా మనిషికి ఆ ఊరి ఫొటోలు అంత పరాయిగా అనిపించవు. మన రాయి నలుపు, ఎరుపు, బూడిద రంగుల్లో ఉంటుంది, వాళ్లది తెలుపు. అంతే తేడా.

ఈ స్టేషన్‌ను రాల్ఫ్ ఎపర్సన్ 1948 ఫిబ్రవరి 2న మొదలుపెట్టాడు. ఆ ఏడాదికి ఒక అర్థం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ఉన్నన్నాళ్లు అమెరికాలో కొత్త స్టేషన్లకు అనుమతులు దాదాపు ఆగిపోయాయి. యుద్ధం అయిపోగానే ప్రభుత్వం చిన్న ఊళ్లకు లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టింది. నాలుగైదేళ్లలో దేశంలో స్టేషన్ల సంఖ్య రెట్టింపు దాటింది. అప్పటిదాకా పల్లె సంగీతం పెద్ద నగరాల పెద్ద స్టేషన్ల నుంచే వచ్చేది. షికాగోలో డబ్ల్యూఎల్ఎస్ 1924లో, నాష్‌విల్‌లో డబ్ల్యూఎస్ఎం 1925లో శనివారం రాత్రి పల్లె పాటల కార్యక్రమాలు పెట్టాయి. నాష్‌విల్‌లో పెట్టిందే తర్వాత గ్రాండ్ ఓల్ ఆప్రీగా పేరు తెచ్చుకుంది. డబ్ల్యూఎస్ఎం ఒక ఇన్సూరెన్స్ కంపెనీది. ఆ మూడు అక్షరాలు కూడా 'లక్షల మందికి మేం రక్ష' అనే అర్థం వచ్చే కంపెనీ నినాదం నుంచి తీసుకున్నవే. దాని శక్తి 50 కిలోవాట్లు, రాత్రిపూట దేశంలో సగం వరకు వినిపించేది. పాలసీలు అమ్మే ఏజెంట్లు ఇంటి తలుపు తట్టినప్పుడు చెప్పుకోవడానికి ఆ పాటల పేరు పనికొచ్చేది.

1948 తర్వాత వచ్చిన చిన్న ఊరి స్టేషన్ల సంగతి వేరు. వాటికి అంత దూరం పోయే శక్తి లేదు, అంత డబ్బూ లేదు. రికార్డులు కొని నింపడం కంటే పక్క ఊరి ఫిడిల్ వాయించేవాణ్ణి పిలిచి మైకు ముందు నిలబెట్టడమే వాటికి చవక. శనివారం పొద్దున పొగాకు పొలాల నుంచి, ఫ్యాక్టరీల నుంచి జనం బజారుకు వస్తారు, వస్తూ వస్తూ స్టేషన్‌లో నాలుగు పాటలు వాయించి పోతారు. డబ్ల్యూపీఏక్యూలో ఆ కార్యక్రమం పేరు మెర్రీ-గో-రౌండ్. స్టేషన్ పుట్టిన 1948 నుంచే అది నడుస్తోంది. ఆప్రీ తర్వాత అమెరికాలో ఎక్కువ కాలంగా సాగుతున్న ప్రత్యక్ష ప్రసారాల్లో ఇదొకటి. ఇప్పుడు దాన్ని ఊరి నడిబజారులోని ఎర్ల్ అనే పాత సినిమా హాలు వేదిక మీద నుంచి, జనం ముందు ప్రసారం చేస్తున్నారు. రాల్ఫ్ ఎపర్సన్ 2006లో చనిపోయాడు. తర్వాత స్టేషన్‌ను ఆయన కొడుకు కెల్లీ నడిపించాడు.

ఇక 740 అనే నంబరు. ఆ నంబరు మీద రాత్రిపూట పెద్దరికం కెనడాది. టొరంటోలోని పెద్ద స్టేషన్ రాత్రి ప్రసారానికి అడ్డు రాకూడదన్నది ఒప్పందం. అందుకే ఆ మీటరు మీద ఉన్న అమెరికా చిన్న స్టేషన్లు పొద్దుగూకగానే శక్తి తగ్గించుకోవాలి, లేదంటే మూసెయ్యాలి. పగలు 10 కిలోవాట్లతో కొండలు దాటి వినిపించే మౌంట్ ఎయిరీ రేడియో రాత్రయ్యేసరికి ఊరి పొలిమేర దాటడమే కష్టం. కారణం మీడియం వేవ్ స్వభావంలోనే ఉంది. పగలు ఆ తరంగం నేలను పట్టుకుని నడుస్తుంది. రాత్రి ఆకాశంలోని అయాన్ పొరకు తగిలి వందల మైళ్ల అవతల దిగుతుంది. ఒకే నంబరు మీద ఇద్దరుంటే రాత్రి ఇద్దరూ ఒకరి గొంతు మీద ఒకరు ఎక్కుతారు. అలా పగటిపూట మాత్రమే అనుమతి ఉన్న చిన్న ఊరి స్టేషన్లు అమెరికాలో వేల సంఖ్యలో నడిచాయి. సంగీతం మీద కూడా దాని ముద్ర పడింది. పెద్ద స్టేషన్ల శనివారం రాత్రి ఆటపాట వీటికి కుదరదు కాబట్టి, శనివారం పగలే కచేరీ పెట్టుకున్నాయి. నల్గొండలో వినేవాళ్లకు కలిసొచ్చింది అదే. వాళ్ల పగలు మన రాత్రి.

లెక్క ఇట్లా ఉంటుంది. మౌంట్ ఎయిరీ అమెరికా తూర్పు తీరపు సమయంలో ఉంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు వాళ్ల గడియారానికి తొమ్మిదిన్నర గంటలు కలిపితే మన సమయం వస్తుంది. మిగతా నెలల్లో పదిన్నర కలపాలి. మెర్రీ-గో-రౌండ్ అక్కడ శనివారం పదకొండు గంటల ప్రాంతంలో మొదలై మధ్యాహ్నం దాకా సాగుతుంది. అంటే ఎండాకాలం, వానాకాలం మనకు శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు, చలికాలంలో తొమ్మిదిన్నరకు. బువ్వ తిని కూర్చునే వేళ. ఆప్రీతో పోల్చి చూడండి. అది అక్కడ శనివారం రాత్రి ఏడింటికి. నాష్‌విల్ ఇంకో గంట వెనక కాబట్టి మనకు ఆదివారం తెల్లవారి ఐదున్నర, చలికాలంలో ఆరున్నర. అది వినాలంటే కోడి కూసే వేళకు లేవాలి.

మామూలు రోజుల్లో ఇక్కడ మధ్యాహ్నం మూడున్నర అంటే అక్కడ ఉదయం ఆరు, చలికాలంలో అయిదే. ఆ తర్వాతి మూడు నాలుగు గంటలు చిన్న ఊరి రేడియోకు ప్రాణం. వాతావరణం, ఊరి కబుర్లు, మరణవార్తలు, అంత్యక్రియలు ఏ చర్చిలో ఎన్నింటికి అన్న వివరాలు, దుకాణాల ప్రకటనలు. ఇవన్నీ మనకు పనికిరాని సంగతులే, కానీ చెప్పే తీరు వినాలి. హడావిడి ఉండదు. ప్రకటన చదివే మనిషికి ఆ దుకాణం ఎక్కడుందో తెలిసినట్టే ఉంటుంది, తెలుసు కూడా. ఆదివారం మాత్రం ప్రార్థనలు, ప్రసంగాలు ఎక్కువ. భక్తి పాటలు కావాలంటే అప్పుడు మంచివి దొరుకుతాయి, ఊరికే ఫిడిల్ వినాలంటే విసుగొస్తుంది.

సంగీతం దగ్గర కాస్త ఆగాలి. ఇది తెలియకుండా వింటే అన్నీ ఒకే పాటలా వినిపిస్తాయి. ఈ స్టేషన్‌లో ప్రధానంగా రెండు రకాలు వస్తాయి. ఒకటి ఓల్డ్ టైమ్. ఇందులో ఫిడిల్, బాంజో రెండూ ఒకే వరుసను మొదటి నుంచి చివరిదాకా కలిసి వాయిస్తాయి. ఎవరూ ముందుకొచ్చి ఒంటరిగా తన ప్రతాపం చూపించరు. పాట రెండు భాగాలుగా ఉంటుంది, ఒక్కోటి ఎనిమిది బార్లు (తాళపు కొలతలు), ఒక్కోటి రెండుసార్లు. మొత్తం ముప్పై రెండు. అదే చుట్టు పది, పన్నెండు సార్లు తిరుగుతుంది. పల్లవి, చరణం అని వెతికితే దొరకవు. కోలాటంలో జతలు తిరిగినట్టు వినాలి, ఎందుకంటే అది కూడా ఆటకు కట్టిన పాటే. రెండోది బ్లూగ్రాస్. ఇది ఇటీవలి పద్ధతి. బిల్ మన్రో బృందంలోకి 1945 చివర్లో ఎర్ల్ స్క్రగ్స్ మూడు వేళ్ల బాంజో తీసుకొచ్చాక దీనికి రూపం వచ్చింది. ఇందులో వంతులుంటాయి. ఒకరు వాయిస్తుంటే మిగతావాళ్లు తాళం పడతారు, తర్వాత ఇంకొకరు. వేగం ఎక్కువ, గొంతు పైస్థాయిలో ఉంటుంది.

గుర్తుపట్టే సులువు బాంజోలోనే ఉంది. గుర్రం గంతుల్లా 'టక్-టకటక్' అని కిందికి కొడుతున్నట్టు వినిపిస్తే ఓల్డ్ టైమ్. అది గోరుతో తీగను కిందికి కొట్టి, బొటనవేలితో పొట్టి అయిదో తీగను మీటే పద్ధతి. చిటపటలాడే వాన చినుకుల్లా ఆగకుండా స్వరాలు రాలుతుంటే బ్లూగ్రాస్. మౌంట్ ఎయిరీ పరిసరాల ఓల్డ్ టైమ్‌కు రౌండ్ పీక్ అని ప్రత్యేకంగా పేరుంది. పక్కనే టోస్ట్ అనే చిన్న ఊళ్లో ఉన్న టామీ జారెల్ (1901–1985) ఆ పద్ధతికి పెద్ద దిక్కు. రోడ్ల శాఖలో గ్రేడర్ నడిపి రిటైరైన మనిషి. 1982లో అమెరికా ప్రభుత్వం జానపద కళాకారులకిచ్చే జాతీయ గౌరవం ఆయనకు దక్కింది. ఈ పద్ధతిలో ఫిడిల్ తీగలను మామూలు శ్రుతిలో కాకుండా రెండు స్వరాలనే పైనా కిందా జంటగా వచ్చేట్టు కట్టుకుంటారు. దాంతో ఖాళీ తీగ ఎప్పుడూ మోగుతూ ఉంటుంది. తంబూరా పక్కన ఉన్నట్టు వినిపించేది అందుకే.

బాంజో వింటుంటే పాలమూరు మనిషికి కిన్నెర గుర్తు రాకపోతే ఆశ్చర్యం. బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల చేతుల్లో పుట్టింది. మొదట్లో దాని బుర్ర సొరకాయే, దాని మీద తోలు బిగించేవాళ్లు. మన కిన్నెరకూ సొరబుర్రలే గొంతు. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది ఆ పన్నెండు మెట్ల కిన్నెరకే. పండుగ సాయన్న కథను కిన్నెర మీద విన్నవాళ్లు ఓల్డ్ టైమ్ బాంజోను సులువుగా పట్టుకుంటారు. రెండింట్లోనూ తీగ మీద వేలు పాటను మోసుకుపోతూనే తాళం కూడా వేస్తుంది, విడిగా డప్పు అక్కర్లేదు. ఒక తేడా ఉంది. కిన్నెరకు కథ ఉంటుంది, మనిషి చెబుతాడు. ఓల్డ్ టైమ్ పాటలో కథ చాలాసార్లు ఉండనే ఉండదు. ఉన్నా రెండు చరణాలు, అదీ సగం మింగేసిన మాటల్లో.

మాటల విషయానికొస్తే, ఆ కొండ యాసలో ఇంగ్లిష్ మొదట్లో చెవికి అందదు. హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో అమెరికా వాళ్లతో రోజూ మాట్లాడేవాళ్లకు కూడా కష్టమే. పాట పేరు, వాయించేవాళ్ల పేరు పట్టుకోవాలంటే పాట అయ్యాక వినండి. ముందు చెప్పేటప్పుడు చప్పట్ల హోరులో మునిగిపోతుంది, తర్వాత ఇంకోసారి చెబుతారు. మధ్యలో టకటకమని చెక్క మీద చప్పుడు వస్తే స్ట్రీమ్ చెడిపోయిందనుకోకండి. వేదిక ముందు నేలకు పాదాలు ఆనించి ఆడే ఫ్లాట్‌ఫుట్ ఆట అది. బూట్ల చప్పుడు మైకులోకి వస్తుంది. దాన్ని తీసెయ్యరు, తీసెయ్యకూడదు కూడా.

ఈ ప్రసారంలో లోపం ఏమిటంటే సమతూకం. స్థానికులు వచ్చి వాయించే ప్రత్యక్ష కార్యక్రమం కాబట్టి బృందం మారినప్పుడల్లా శబ్దం మారుతుంది. ఒకసారి ఫిడిల్ మీదికొస్తుంది, ఇంకోసారి గిటార్ తప్ప ఏదీ వినిపించదు. మొదటి పాట సగం అయ్యేదాకా ఓపిక పట్టండి, అప్పటికి సర్దుకుంటుంది. వాయించేవాళ్లందరూ గొప్పవాళ్లని అనుకోకండి. పిల్లలుంటారు, డెబ్బై దాటినవాళ్లుంటారు, తాళం తప్పేవాళ్లూ ఉంటారు. కాసెట్టు అంత నున్నగా కావాలనుకునేవాళ్లు రౌండర్ కంపెనీ విడుదల చేసిన ఈ స్టేషన్ పాత రికార్డింగుల సీడీ వెతుక్కోవచ్చు.

ఇక పట్టుకునే తొవ్వ. నల్గొండలో 740ని నేరుగా గాలిలో పట్టాలని ప్రయత్నించకండి, ఎంత మంచి సెట్టు ఉన్నా కాదు. వాళ్ల ఊరు భూగోళానికి దాదాపు అవతలి వైపు ఉంది. దానికి తోడు 200 కిలోవాట్ల ఆకాశవాణి రెండు కిలోహెర్ట్జ్ పక్కనే కూర్చుంది. అద్భుతం జరిగి అక్కడి నుంచి పోగు సిగ్నల్ వచ్చినా, రెండూ కలిసి రెండు వేల హెర్ట్జ్ ఈల వేస్తాయి తప్ప పాట రాదు. ఇంటర్నెట్ ఒక్కటే దారి. స్టేషన్ వెబ్‌సైట్ నుంచి వినొచ్చు, ట్యూన్‌ఇన్ లాంటి యాప్‌లలో డబ్ల్యూ, పీ, ఏ, క్యూ అనే నాలుగు అక్షరాలు కొట్టి వెతకొచ్చు. ఊరి పేరుతో వెతికితే మేరీలాండ్ రాష్ట్రంలో ఉన్న ఇంకో మౌంట్ ఎయిరీ అడ్డొస్తుంది. సరైన స్టేషనో కాదో తెలుసుకోవడానికి గంట కొట్టే వేళ వినండి. అమెరికాలో ప్రతి స్టేషన్ గంటకోసారి, గంట మారేచోట, తన కాల్ సైన్ (డబ్ల్యూపీఏక్యూ లాంటి గుర్తింపు అక్షరాలు), వెంటనే లైసెన్సు ఉన్న ఊరి పేరు చెప్పి తీరాలి. అది చట్టం. మిసిసిపీ నదికి తూర్పున ఉన్నవాటికి మొదటి అక్షరం సాధారణంగా డబ్ల్యూ, పడమరన ఉన్నవాటికి కే.

అమెరికాలోని పెద్ద గొలుసు కంపెనీల స్టేషన్లు కొన్ని మన దేశంలో తెరుచుకోవు. పాటల హక్కుల రుసుము ఒక్కో శ్రోతకు లెక్కగట్టి కట్టాలి కాబట్టి, ప్రకటనల ఆదాయం రాని దేశాలకు తలుపు వేసేస్తారు. చిన్న స్టేషన్లు చాలావరకు ఈ అడ్డు పెట్టవు. వలస పోయిన తమ ఊరివాళ్లు ఎక్కడున్నా వినాలనేది వాళ్ల లెక్క.

డేటా భయం అక్కర్లేదు. స్ట్రీమ్ సెకనుకు 64 కిలోబిట్లతో వస్తే గంటకు 28.8 ఎంబీ, 128తో వస్తే 57.6 ఎంబీ ఖర్చవుతుంది. రెండున్నర గంటల శనివారం కచేరీ మొత్తానికి ఎక్కువలో ఎక్కువ 144 ఎంబీ. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్‌లో ఇదొక లెక్క కాదు. అసలు ఇబ్బంది ఆగిపోవడంతో. ఫోన్ స్క్రీన్ ఆరిపోయిన పది నిమిషాలకు పాట ఆగితే తప్పు స్టేషన్‌ది కాదు, ఫోన్‌ది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ విభాగానికి పోయి, మీరు వినే యాప్‌కు బ్యాటరీ పొదుపు ఆంక్ష తీసెయ్యండి. బ్రౌజర్‌లో వింటుంటే ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ, అందుకే యాప్ మేలు. ఇంట్లో వైఫై వదిలి వాకిట్లోకి రాగానే ఆగిపోతే, ఫోన్ వైఫై నుంచి మొబైల్ డేటాకు మారిందని అర్థం. ఆ మార్పులో పాత కనెక్షన్ తెగుతుంది, మళ్లీ ప్లే నొక్కాల్సిందే. శనివారం రాత్రి కరెంటు పోతే రౌటర్ ఆగుతుంది. పన్నెండు వోల్టుల రౌటర్‌కు చిన్న మినీ యూపీఎస్ పెట్టుకుంటే గంటో రెండు గంటలో గడుస్తుంది. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద వోల్టేజీ, ఆంపియర్లు చదవండి. కొన్ని ఫైబర్ పెట్టెలు పన్నెండుకు బదులు తొమ్మిది వోల్టులు అడుగుతాయి, తప్పు పిన్ను పెడితే పెట్టె పోతుంది.

ఈ సంగీతానికి పెద్ద బేస్ స్పీకర్ వద్దు. ఫిడిల్, బాంజో, మగ గొంతు ఇవన్నీ మధ్యస్థాయి శబ్దాలు. గుమ్మటంలా మోగే బ్లూటూత్ స్పీకర్‌లో బాస్ పెంచి పెడితే తాళం పట్టే పెద్ద బాస్ వాద్యం మోగి ఫిడిల్ మునుగుతుంది. బాస్ తగ్గించి, మధ్యది కాస్త పెంచండి. పాత ట్రాన్సిస్టర్ రేడియోకు ఆక్స్ సాకెట్ ఉంటే దాని స్పీకర్ ఇంతకంటే బాగా నప్పుతుంది. అమెరికాలో మీడియం వేవ్ మీద పది కిలోహెర్ట్జ్ పైన ఉన్న శబ్దాన్ని కోసేస్తారు. స్టేషన్ అదే శబ్దాన్ని ఇంటర్నెట్‌కూ పంపితే ఎఫ్ఎం అంత మెరుపు ఉండదు. ఉండాలని ఎదురుచూడకండి.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దీని వల్ల చాలా ఇళ్లలో ఆకాశవాణి కూడా పోతోంది. అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చిన డిజిటల్ రేడియో సెట్టు ఇక్కడ ఆన్ చేస్తే హైదరాబాద్ మూలుగుతున్నట్టు, బొంగురుగా వస్తుంది. సెట్టు చెడిపోలేదు. అమెరికా ఖండాల్లో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య దూరం పది కిలోహెర్ట్జ్, మన దగ్గర తొమ్మిది. 1978 నవంబరు నుంచి ఈ పద్ధతి అమల్లో ఉంది. 738 తొమ్మిదితో భాగహారం అవుతుంది, పదితో కాదు. పది పది అంగల్లో నడిచే సెట్టు 730 మీద, తర్వాత 740 మీద ఆగుతుంది, 738 మీద ఆగనే ఆగదు. చాలా సెట్లలో 9/10 అని చిన్న అక్షరాలతో రాసిన బటన్ ఉంటుంది. సెట్టు ఆపేసి, దాన్ని రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే మారుతుంది. మార్చగానే జ్ఞాపకంలో పెట్టుకున్న స్టేషన్లు చెరిగిపోవచ్చు, మళ్లీ వెతికి పెట్టుకోండి. ఎఫ్ఎంలోనూ ఇదే గొడవ. అమెరికాలో ఎఫ్ఎం అంకెలు 102.7, 102.9 అని బేసి దశాంశాల్లోనే ఉంటాయి. 102.8 మీద వచ్చే వివిధ భారతి ఆ అంగల్లో దొరకదు. మార్చే దారి లేని గడియారం రేడియో అయితే దాన్ని అలారానికి వాడుకోండి.

సెట్టు సరిగ్గా ఉండి కూడా 738లో గరగర వస్తే, ముందు ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఇన్వర్టర్ ఒక్కొక్కటే ఆపి చూడండి. ఏది ఆపితే గరగర ఆగుతుందో దొంగ అదే. తర్వాత సెట్టును తిప్పండి. లోపల సిగ్నల్ పట్టే ఫెర్రైట్ కడ్డీ సెట్టు పొడవునా పడుకుని ఉంటుంది, స్టేషన్ వైపు దాని పక్క చూడాలి, కొస కాదు. నల్గొండకు హైదరాబాద్ పడమటి దిక్కున, కొంచెం ఉత్తరానికి ఉంది కాబట్టి సెట్టు పొడవు ఉత్తర దక్షిణాలుగా పెట్టాలి. మహబూబ్‌నగర్‌లో అయితే హైదరాబాద్ ఈశాన్యాన ఉంది, సెట్టు పొడవు వాయవ్యం నుంచి ఆగ్నేయానికి.

రెండు స్టేషన్లనూ ఒక తక్కెడలో పెట్టి తూచడం అన్యాయం. అయినా వినేవాడు తూస్తాడు. నిజాం ప్రభుత్వం 1935లో చేతిలోకి తీసుకున్న దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. అప్పటి నుంచి హైదరాబాద్ స్టేషన్ మొత్తం రాష్ట్రానికి పెద్దన్న. దాని దగ్గర ఉన్న జానపద రికార్డింగులు, పాడిన గొంతులు మౌంట్ ఎయిరీ వేదిక మీద సగటున వినిపించేవాటికంటే ఎన్నో మెట్లు పైన. ఆడిషన్ పెట్టి, గ్రేడు ఇచ్చి, స్టూడియోలో కూర్చోబెట్టి చేసిన పని అది. కానీ పాడిన మనిషి ఏ ఊరు, ఆ పాట ఏ నాట్లప్పుడు పాడతారు అన్నది రెండు నిమిషాల పరిచయంలో పోతుంది. మౌంట్ ఎయిరీలో పాట అంత గొప్పగా లేకపోయినా ఊరు వినిపిస్తుంది. ఎనభై ఏళ్లకు దగ్గరపడుతున్న ఆ స్టేషన్ బలమంతా అక్కడే ఉంది. 1996 టెలికాం చట్టం ఒక కంపెనీకి దేశం మొత్తం మీద ఎన్ని స్టేషన్లుండొచ్చన్న పరిమితిని ఎత్తేసింది. ఆ తర్వాత ఇలాంటి చిన్న స్టేషన్లు చాలా అమ్ముడుపోయాయి. ఎక్కడో కూర్చుని ముందే రికార్డు చేసిన గొంతుతో పదేసి ఊళ్లకు 'గుడ్ మార్నింగ్' చెప్పే పద్ధతి వచ్చింది. కంట్రీ పాటలు ఆగలేదు. తగ్గింది వాటిలో వినిపించే ఊళ్లు.

మన దగ్గర ఇలాంటిది లేదా అని అడిగేవాళ్లకు జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో ఉన్న సంఘం రేడియో చూపించాలి. 90.4 ఎఫ్ఎం, 2008 అక్టోబరు 15న మొదలైంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో దళిత మహిళలే రికార్డు చేసి, ఎడిట్ చేసి, ప్రసారం చేశారు. 1995లో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అన్నాక, 2006లో స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో తలుపు తెరిచారు. నిబంధనల ప్రకారం ట్రాన్స్‌మిటర్ మామూలుగా 50 వాట్లు, యాంటెన్నాతో కలిపి బయటికి పోయే శక్తి 100 వాట్లు, స్తంభం 30 మీటర్లు మించకూడదు. వార్తలు చెప్పాలంటే ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు తిరిగి వినిపించడమే. నల్గొండ పట్టణానికి, చుట్టూ పది కిలోమీటర్లకు ఆ శక్తి సరిపోతుంది. మౌంట్ ఎయిరీకి ఉన్నట్టు పగలు 10 కిలోవాట్లు ఇక్కడ ఏ సంఘానికీ ఇవ్వరు.

స్టార్లు వెయ్యమంటే శనివారం కచేరీకి ఐదుకు నాలుగున్నర, వారం రోజుల పగటి ప్రసారానికి మూడు, ఆదివారానికి మీ భక్తిని బట్టి. కచేరీకి కొత్తగా చెవి పెట్టేవాళ్లు మొదటి రోజు అరగంట చాలు. రెండు పాటలు బాంజో చేతిని మాత్రమే వినండి, మూడో పాటలో ఫిడిల్‌ను పట్టుకోండి.

అలారం పెట్టుకునేటప్పుడు ఒక్కటి చూసుకోండి. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పుతారు, మనం తిప్పం. ఆ తర్వాతి శనివారం ఎనిమిదిన్నరకే పెట్టి కూర్చుంటే ఇంకో గంట వేచి ఉండాలి. మార్చి రెండో ఆదివారం తర్వాత తొమ్మిదిన్నరకు పెడితే మాత్రం మొదటి గంట పోయినట్టే.